పై వరసలో ఖాళీ గడులు

జూన్ 9

అన్నయ్యకి,

నువ్వూ వదినా బాగున్నారనే నమ్మకంతో రాస్తున్నాను. నేను బాగాలేను కాబట్టి నా క్షేమం సంగతి వదిలేస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ", "ఆఁ" తప్ప ఇంకేమీ అనవు. ఉత్తరమైతే కనీసం చివరిదాకా చదువుతావు.

నీ స్నేహితుడి సంగీత పాఠశాలలో నన్ను పంతులమ్మగా చేర్పించావు కదా, దాని భోగం విను. చెప్పుల దుకాణం మీద మేడ. మెట్లెక్కేటప్పుడు కొత్త తోలు వాసన, పైకి చేరాక తడిసి ఆరని తివాచీ వాసన. నా గది గోడలకి శబ్దం బయటికి పోకుండా గుడ్లు పెట్టుకునే అట్టలు అతికించారు. వాటి వెనక బొద్దింకలు కాపురం పెట్టాయి. పియానో మీద టీ కప్పుల మచ్చలు. ఎవరో నమిలిన బబుల్‌గమ్ మీట అడుగున అంటించారు, వేలు పెడితే సాగుతుంది. నాకంటే ముందు ఫ్లూటు క్లాసు ఉంటుంది. వాళ్ళు గొట్టాల్లో ఉమ్మి ఒక మూలకి దులిపి వెళ్ళిపోతారు. ఆ మూల పక్కనే నిలబడి నేను సంగీత చరిత్ర చెప్పాలి.

మనుషుల సంగతి ఇంకా రోత. సిద్ధాంతం క్లాసులో ఆవలింతలు, చరిత్ర క్లాసులో నిద్ర, స్వరరచన క్లాసుకి మాత్రం తోసుకుంటూ వస్తారు. రెండు స్వరాల మధ్య దూరం చెప్పమంటే నోరు పెగలనివాళ్ళు సొంత బాణీ కట్టేశామంటూ ఫోన్లో రికార్డు చేసి తెస్తారు. వినిపించి నా ముఖంలోకి చూస్తారు. ఇంతలో నీ స్నేహితుడు తలుపు దగ్గర ప్రత్యక్షమై చప్పట్లు కొడతాడు. తప్పు వాయించినా చప్పట్లే, ఒప్పు వాయించినా చప్పట్లే. అందరూ ఆయన్ని చప్పట్ల సారు అంటారు. ఆ చప్పుడు మొదలవగానే నేను పియానో మూత దించేస్తాను.

ఒక్కడు మాత్రం నిజంగా నేర్చుకుంటున్నాడు. పనిమానేసిన పళ్ళ డాక్టరు. పళ్ళు తొలిచే మిషను ఏళ్ళ తరబడి చెవి పక్కన కూతపెట్టి ఆయన చెవులు తినేసింది. మామూలు చెవుడు కాదు. కింది స్వరాలు నిక్షేపంగా వినపడతాయి, పైవి వినపడవు. బొంగురు గొంతు సెల్లో వాద్యం వినపడుతుంది, వయొలిన్ పైకి వెళ్ళేకొద్దీ మాయమైపోతుంది. మగవాళ్ళ మాట అర్థమవుతుంది, భార్య మాట అర్థం కాదు. ఆవిడది సన్నటి గొంతు. "పక్కింటాయన పిలిస్తే పలుకుతారు, నేను పిలిస్తేనే చెవుడొస్తుంది" అని ఆవిడ గొడవ. చెవి పరీక్షల కాగితాలు చూపించాడు, నమ్మలేదు. చెవి మిషను పెట్టుకున్నాడు. "ఉన్నదాన్ని పెద్దది చేస్తుంది గానీ లేనిదాన్ని తెచ్చిపెట్టదు మేడమ్" అంటాడు.

ఇప్పుడావిడ విసిగిపోయింది. మా వార్షిక కచేరీ అయ్యాక కూతురి దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోతానంది. కచేరీకి మాత్రం వస్తుందట. అందుకని ఈయన నాలుగు వాద్యాలకి ఒక రచన చేస్తున్నాడు. "మాటల్లో చెప్పి చెప్పి ఓడిపోయాను. నా అవస్థ ఏమిటో ఆవిడకి ఒక్కసారి తెలిస్తే చాలు" అన్నాడు. ఈ ఉమ్మి మూలలో నేను ఇంకా పాఠం చెబుతున్నానంటే ఆయన కోసమే. పూర్తయ్యాక నువ్వే స్వరాల నకళ్ళు రాసిపెట్టాలి, చేతిలో పనులేమైనా ఉంటే పక్కన పెట్టుకో.

ఇట్లు,
ముక్కు మూసుకుని బతుకుతున్న నీ చెల్లెలు


జూన్ 15

మిరపకాయకి,

నీ ఉత్తరం వదినకి చదివి వినిపించాను. బబుల్‌గమ్ దగ్గరికి రాగానే లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది. మేం బాగున్నాం. నా నడుము మాత్రం బల్లకి అతుక్కుపోయింది. ఒక నాటక బృందానికి నూటయాభై పేజీల నకలు నడుస్తోంది. వాళ్ళు రోజుకో పాట మారుస్తారు, నేను రోజూ మొదటినుంచి రాస్తాను.

నీకు ఏ వాసన నచ్చింది గనక? చిన్నప్పుడు నాన్న బ్యాండువాళ్ళు మనింటికి వస్తే వాళ్ళ యూనిఫారాల చెమట కంపు భరించలేనని మేడమీద కూర్చునేదానివి. వాడి చప్పట్లంటావా, చదువుకునే రోజుల్లో కూడా అంతే, బస్సు సరిగ్గా ఆగినా కొట్టేవాడు. వాడు చప్పట్లు కొట్టకపోతే నీ ముఖం చూసి సగంమంది మొదటి రోజే మెట్లు దిగిపోతారు. ఆ మాట నీకు చెప్పమని వాడు నాతో అనలేదు, నేనే అంటున్నాను.

డాక్టరు రచన పంపు, రాసిపెడతాను. అందరి చేతా రాయిస్తున్నావు సరే, నువ్వేం రాశావే ఈ మధ్య? ఊరికే అడిగాను, కారం చల్లకు.

నడుం నొప్పితో,
అన్నయ్య


జూన్ 24

అన్నయ్యకి,

నేనేం రాశానని అడిగావు. ఏమీ రాయలేదు. చెత్త రాసి జనం చెవుల్లో పొయ్యడంకంటే రాయకపోవడం మర్యాద అనుకున్నాను. అయినా ఆ ప్రశ్న వేసే అర్హత ఎవరికైనా ఉందేమో గానీ నీకు లేదు. ఒకళ్ళు రాసింది చూసి రాయడంలోనే జుట్టు నెరిసిపోయింది. స్వరాల కాగితం మీద సొంతంగా ఒక్క గడి నింపిన పాపాన పోలేదు నువ్వు.

ఇక్కడ నీ స్నేహితుడు డాక్టరు రచన గురించి వినగానే, "చివర్లో కాస్త తియ్యగా ఉండాలమ్మా, జనం ఇంటికి హాయిగా వెళ్ళాలి" అన్నాడు. ఇది మిఠాయి దుకాణం కాదన్నాను. దాంతో, మిగతా పాటల సాధనలో నేనుంటే వాయించేవాళ్ళ చేతులు వణుకుతున్నాయట, రిహార్సలు గదిలోకి రావద్దన్నాడు. సిద్ధాంతం పంతులమ్మకి సంగీతం వాయించేచోట పని లేదు! ఆ గది తలుపుకి చెవి ఆనించి వినే స్థితికి నేను దిగజారను. విల్లు ఎలా ఆడించాలో వయొలిన్ వాయించే అమ్మాయికి చెప్పమని నీ స్నేహితుడికే చెప్పాను. తల ఊపాడు. విన్నాడో లేదో నాకు తెలియదు.

డాక్టరు ఈ రచనతో ఎంత అవస్థ పడ్డాడో నేను చూశాను. ప్రతి స్వరం పియానో మీద కింది స్థాయిలో వాయించి చూసుకుని, పైకి ఎక్కించి రాసేవాడు. ఇదిగో పంపుతున్నాను. చేతిరాత మందుల చీటీ రాసినట్టే ఉంటుంది. తప్పులుంటే దిద్దు. ఎందుకిలా రాశాడని మాత్రం నన్ను అడక్కు. నాన్న దగ్గర నేర్చుకున్నవాడివి, నీకు విప్పి చెప్పాలా? కచేరీ దగ్గరపడింది, ఒక్కో వాద్యానికి రాసిన విడి కాగితాలు నేరుగా నీ స్నేహితుడి పేరనే పంపించు.

కారం తగ్గని,
చెల్లెలు


జులై 2

మిరపకాయకి,

ఒక్క గడి నింపిన పాపాన పోలేదన్నావు. ఆ మాట చదివి కాగితం మడిచి పక్కన పెట్టాను. వదిన అడిగితే ఏమీ లేదన్నాను. నువ్వన్నది నిజమే కాబట్టి దాని గురించి ఇంకేమీ రాయను.

డాక్టరు రచన చూశాను. మొదటి పేజీలు కాస్త తడబడ్డా, సెల్లో వరస మంచి దిట్టంగా ఉంది. మనిషి కష్టం అర్థమైంది. పాపం, చేతికి అందినంతవరకూ రాశాడు. నా చేతనైనంత నేనూ చేశాను. నాటకం వాళ్ళ పని ఆపేసి మరీ కూర్చున్నాను. ఇంత ఇష్టంగా పనిచేసి చాలా కాలమైంది. కాగితాలు నిన్ననే మావాడికి పంపించాను, అందాయని కబురొచ్చింది.

కచేరీ ఎలా జరిగిందో వెంటనే రాయి. ఆలస్యం చెయ్యకు.

అన్నయ్య


జులై 14

అన్నయ్యకి,

నీ స్నేహితుడు దొంగ. ఈ మాట నీకు రాయడానికి ముందే ఆయన ముఖం మీద, వంద కుర్చీల ముందు, అరిచి చెప్పాను.

చివరి పేజీలో పై వరస ఖాళీగా ఉంది కదా, నువ్వు చూసే ఉంటావు. వయొలిన్ మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది. డాక్టరుకి వినపడే చివరి స్వరం దాటాక గడులన్నీ ఖాళీ. కింద మిగతా మూడూ మామూలుగా నడుస్తూనే ఉంటాయి. అక్కడ విరామం గుర్తులు పెట్టండని నేను ఆయనతో పోట్లాడాను. "విరామం అంటే వాయించకపోవడం మేడమ్. ఇక్కడ వయొలిన్ ఆగలేదు, నాకు వినపడటం ఆగిపోయింది. విల్లు ఆడుతూనే ఉండాలి, తీగకి తగలకూడదు. మా ఆవిడ పెదాలు కదులుతుంటాయి చూడండి, అలాగ" అన్నాడు. ఈ పాఠశాలలో నేను చూసిన ఒకే ఒక్క రచన అది.

నిన్న ఏం జరిగిందో విను. వయొలిన్ పైకెక్కింది. ఆ గీత దాటింది. ఇప్పుడు మౌనం వస్తుందని నేను కుర్చీ చివర కూర్చున్నాను. మౌనం రాలేదు. పాట వచ్చింది! సన్నటి, పొడవాటి, కళ్ళు తుడుచుకునేలాంటి పాట ఆ ఖాళీ అంతా పరచుకుంది. చుట్టూ అందరూ నిట్టూర్చారు. నా పక్క కుర్చీలో ఆవిడెవరో రుమాలు తీసింది. నేను చెవులు మూసుకున్నాను. ఆ పాట బాగాలేదని కాదు. మనిషి గాయం మీద ఎవరో పూలు అంటించినట్టుంది.

డాక్టరు ముందు వరసలో కూర్చుని వయొలిన్‌నే చూస్తున్నాడు. అయిపోగానే లేచి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "రాసింది రాసినట్టు వాయించారు మేడమ్! విల్లు ఆడింది, ఒక్క స్వరం వినపడలేదు!" అన్నాడు. ఆ హాల్లో ఆయన రాసింది విన్నవాడు ఆయనొక్కడే. రిహార్సళ్ళలో కూడా రోజూ అలాగే కూర్చుని సంతోషపడ్డాడట.

ఇంతలో భార్య వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. "చివర్లో ఆ సన్నటి పాట ఎంత బాగుందో! అంత పైస్థాయిలో పాట కట్టగలిగిన మనిషికి నా మాట వినపడదంటే నమ్మమంటారా మేడమ్?" అంది. డాక్టరు ఆవిడ పెదాలనే చూస్తున్నాడు. "ఏమంటోంది? అర్థమైందటా?" అని నన్నడిగాడు. ఆవిడ ఆ ప్రశ్న కూడా నటనే అనుకుని విసవిసా వెళ్ళిపోయింది. ఈ నెలాఖరుకి టిక్కెట్టు తీయించుకుందట.

చప్పట్ల సారు వేదిక మీద చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. నేనక్కడికెళ్ళి, "తియ్యగా ఉండాలని మీరే మార్పించారు. ఎవరిచేత రాయించారు?" అన్నాను. "వచ్చిన కాగితాలు వచ్చినట్టే ఇచ్చానమ్మా. నువ్వే మనసు మార్చుకుని రాయించావనుకున్నాను" అన్నాడు. అబద్ధమన్నాను. చెవిటివాడి నోట్లో మాటలు పెట్టిన దొంగవి అన్నాను. చప్పట్లకి చాపిన ఆయన చేతులు అక్కడే ఆగిపోయాయి. పిల్లల తల్లిదండ్రులంతా చూశారు. రేపో మాపో నన్ను పొమ్మంటాడు, అదే మంచిది.

నీ దగ్గర డాక్టరు చేతిరాత ప్రతి ఉంది కదా. పంపించు, నీ స్నేహితుడి ముఖాన కొట్టాలి.

చెల్లెలు


జులై 13

మిరపకాయకి,

నిన్నటినుంచి నీ ఉత్తరం కోసం చూస్తున్నాను. ఇవాళ మీ కచేరీ అని తెలిసి కూడా. వదిన నవ్వుతోంది.

ఆగలేక అడిగేస్తున్నాను. చివరి పేజీ పై వరస ఎలా ఉంది? నీకు నచ్చిందా? నిజం చెప్పు. పైస్వరాలు వినపడవు కదా పాపం డాక్టరుకి, ఊహకి అందక అక్కడ వదిలేశాడు. గడులు ఖాళీగా ఉన్నాయి, విరామం గుర్తు కూడా లేదు. తప్పులుంటే దిద్దమన్నావు. ఖాళీ గడి కనిపిస్తే వాయించేవాడు దారి తప్పుతాడని నాన్న మనిద్దరికీ చెప్పేవాడు కదా. మొదట ఒకటి రెండు స్వరాలు పెట్టి ఊరుకుందామనుకున్నాను. తర్వాత సెల్లో వరస మళ్ళీ మళ్ళీ చదివితే, దాని పైన ఏం రావాలో నాకు వినపడటం మొదలైంది. చెయ్యి ఆగలేదు. ఇన్నాళ్ళూ ఆ పాట ఎక్కడ దాక్కుందో తెలియదు.

నా పేరెక్కడా పెట్టలేదు, పెట్టొద్దు కూడా. నీకొక్కదానికి తెలిస్తే చాలు, నేనూ గడులు నింపానని.

గుండె దడతో,
అన్నయ్య


జులై 19

అన్నయ్యకి,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడ్డాయి. నాది ఈపాటికి నీకు అంది ఉంటుంది. నీది చదివి నేను మెట్లమీద, ఆ తోలు కంపులోనే కూర్చుండిపోయాను.

నీ స్నేహితుడి గదికి వెళ్ళి క్షమించమని అడిగాను. పాఠశాల అంతా వింటుండగా దొంగ అన్నదాన్ని, పాఠశాల అంతా వింటుండగానే అడిగాను. ఆయనేం చేశాడో తెలుసా? చప్పట్లు కొట్టాడు. నేను ఈసారి తల దించుకుని నిలబడ్డాను.

నాకెంత అసహ్యంగా ఉందో నీకెలా చెప్పాలి? ఖాళీ కనిపిస్తే చాలు చెయ్యి పెట్టేస్తారు మనుషులు. ఎదుటివాడికి చేతకాక వదిలేశాడనుకుంటారు గానీ, కావాలని వదిలేసి ఉంటాడని ఒక్క క్షణం ఆగరు. జాలి పడి పాడుచేశావు. డాక్టరు కాపురం దక్కించుకోవడానికి రాసుకున్నదాన్ని, ఆయన అబద్ధాలకోరని ఋజువు చేసే సాక్ష్యంగా మార్చావు. ఆవిడిప్పుడు ఆ పాటనే పట్టుకుని కూతురికి ఫోన్లో చెబుతోందట, మీ నాన్న చెవుడు నాటకమని.

మళ్ళీ రాసి పంపు. నీ చేత్తోనే రాయి. ఒక్క చుక్క కూడా ఎక్కువ ఉండకూడదు.

చెల్లెలు


జులై 23

చెల్లీ,

నీ రెండు ఉత్తరాలూ చదివాను. వదినకి వినిపించలేదు.

ఒక్కమాట అననివ్వు. ఎందుకిలా రాశాడని అడక్కు అన్నావు. నువ్వు ఒక్క వాక్యం రాసి ఉంటే ఇదంతా జరిగేది కాదు. నాకు అర్థమవుతుందో లేదో పరీక్ష పెట్టావు, నేను తప్పాను. తప్పింది నేనే, కాదనను. కానీ ఆ పరీక్షకి ఫీజు కట్టింది డాక్టరు.

కొత్త కాగితాలు ఇందులో ఉన్నాయి. ఖాళీలు ఖాళీగానే ఉన్నాయి. "విల్లు ఆడాలి, తీగని తాకకూడదు" అని ఆ గడుల కింద రాశాను. అది స్వరం కాదు కాబట్టి ఎక్కువ కాదనుకుంటాను. ఆ గడులు దాటేటప్పుడు కలం పైకెత్తి పట్టుకుని, పక్క గదిలోకి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను.

అన్నయ్య


జులై 30

అన్నయ్యకి,

నువ్వన్న మాట నిజం. ఆ ఒక్క వాక్యం నేను రాసి ఉండాల్సింది. నాకు ఎవర్ని చూసినా రోతే, చివరికి అద్దంలో చూసుకుంటే కూడా.

డాక్టరుకి జరిగిందంతా చెప్పాను. ఆయన చాలాసేపు పియానో మూత మీద వేలితో గీతలు గీశాడు. "ఆ పాట నాకు వినిపించండి" అన్నాడు. నీ పాటని పూర్తిగా కింది స్థాయికి దించి, బబుల్‌గమ్ మీటల మీద వాయించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ వాయించమన్నాడు. "బాగుంది మేడమ్. కానీ నాది కాదు. ఎవరిదో వాళ్ళకి ఇచ్చేయండి" అన్నాడు. కాబట్టి తీసుకో. వేరే కాగితం మీద మొదటినుంచి రాసి, నీ పేరు పెట్టి పంపు. నేను దిద్దుతాను. జాలి చూపించను.

కొత్త కాగితాలతో తన రచన రెండోసారి వాయించినా తనకి తేడా ఏమీ ఉండదన్నాడు. "నాకు ఇదివరకులాగే ఉంటుంది. తేడా ఆవిడకే" అన్నాడు. ఆవిడని రప్పించడం నా వల్ల కాలేదు. ఇంటికెళ్ళి మా అన్నయ్య చేసిన పని అని చెబితే, "మీరంతా కూడబలుక్కున్నారు" అని తలుపేసింది. పెట్టెలు సర్దేసి ముందుగదిలో పెట్టింది. చివరికి నీ చప్పట్ల స్నేహితుడే వెళ్ళాడు. ఏం చెప్పాడో, ఎలా బతిమాలాడో తెలియదు, వెంటబెట్టుకుని వచ్చాడు. నిన్న సాయంత్రం, నా గదిలోనే. ఉమ్మి మూల ఆయనే స్వయంగా తుడిచాడు.

వాయించేవాళ్ళు నలుగురు, డాక్టరు, ఆవిడ, నేను, తలుపు దగ్గర చప్పట్ల సారు. ఆవిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, లేచిపోవడానికి సిద్ధంగా కూర్చుంది. వయొలిన్ పైకెక్కింది. గీత దాటింది. విల్లు ఆడుతోంది, శబ్దం లేదు. కింద సెల్లో నడుస్తోంది.

ఆవిడ ముందు వయొలిన్ అమ్మాయి వంక కోపంగా చూసింది. తర్వాత ముందుకి వంగింది. చెవి మీద జుట్టు తోసుకుంది. సంచి జారి కిందపడినా చూసుకోలేదు. విల్లునే చూస్తూ, తర్వాత ఏం వస్తుందా అని వెతుక్కుంటోంది. నాకు తెలిసి ఆ పాఠశాలలో ఎవరూ అంత కష్టపడి వినలేదు. డాక్టరు ఈసారి వయొలిన్‌ని చూడలేదు. ఆవిడనే చూస్తున్నాడు.

అయిపోయింది. చప్పట్ల సారు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆవిడ డాక్టరు వైపు తిరిగి ఏదో అంది. ఎప్పటిలాగే సన్నగా, గబగబా.

"వినపడలేదు" అన్నాడు డాక్టరు.

ఆవిడ అరవలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు బాగా కిందికి దించి, మగవాడిలా బొంగురుగా, ఒక్కొక్క మాటా ఆపి ఆపి మళ్ళీ చెప్పింది. అంత కిందికి దిగిన గొంతు నా దాకా రాలేదు. ఆయనకి వినపడింది.

చెల్లెలు